కదిలే వీధి, నిలిచిన జంట
(మంద షట్టర్ వేగంతో ఫోటో తీయుటపై ఒక పాఠం)

ఈ సంవత్సరం మన కళాశాల వార్షిక ప్రదర్శనలో మా ఫోటో బృందం ఉంచిన చిత్రాలలో ఒకదాని ముందు చాలమంది ఆగారు. అందులో పత్తర్‌గట్టి రాతి స్తంభం ప్రక్కన వృద్ధ దంపతులిద్దరు నిలిచి ఉంటారు. వారి వెనుక వీధి అంతా పొగవలె కరిగి ప్రవహిస్తూ ఉంటుంది. చూచినవారిలో కొందరు మెచ్చుకొన్నారు. కమిటీ పెద్దలలో ఒకరు మాత్రం దగ్గరగా వచ్చి పరిశీలించి, "ముఖాలు స్పష్టంగా ఉన్నవి గాని, పెద్దాయన కుడిచేయి చెదిరిపోయినది. ఇది లోపం కాదా?" అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. ఆనాటి సందడిలో మేము సరియైన సమాధానం చెప్పలేకపోయాము. ఈ వ్యాసం ఆ సమాధానం. ఇట్టి చిత్రాలు తీయదలచిన విద్యార్థి మిత్రులకు మేము నేర్చుకొన్నంతలో ఒక పాఠం కూడాను.

షట్టర్ చేసే పని

కెమెరాలో వెలుగును అదుపు చేసే సాధనాలు ప్రధానంగా రెండు. ఒకటి లెన్సులోని రంధ్రం. దానిని ఎపర్చర్ అంటారు. అది ఎంత వెడల్పుగా తెరిస్తే అంత వెలుగు లోనికి వస్తుంది. రెండవది షట్టర్. అది ఎంతసేపు తెరిచి ఉంటే అంతసేపు వెలుగు లోపల పడుతుంది. ఒక కుండను నీటితో నింపుటకు కుళాయిని పెద్దగా త్రిప్పి కొద్దిసేపు ఉంచవచ్చును. లేదా సన్నగా త్రిప్పి ఎక్కువసేపు ఉంచవచ్చును. కుండ రెండు విధాలా నిండుతుంది. కాని ఫోటో విషయంలో ఈ రెండు పద్ధతుల ఫలితం ఒకటి కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపు కెమెరా ఎదుట జరిగినదంతా ఒకే చిత్రంపై ఒకదానిమీద ఒకటిగా పడుతుంది. నిలిచినది అదే చోట మరల మరల పడి గట్టిపడుతుంది. కదిలినది ప్రతి క్షణం క్రొత్త చోట పడి పలచబడుతుంది.

మూడవ అంశం ఒకటున్నది. అది వెలుగును గ్రహించే ఫిల్ము లేక సెన్సారు యొక్క గ్రహణశక్తి. దీనిని ఐ.ఎస్.ఓ. అంకెతో సూచిస్తారు. మంద వేగంతో తీయదలచినవారు ఈ అంకెను 100 వంటి కనిష్ఠ స్థాయిలో ఉంచుకొనవలెను. గ్రహణశక్తి తక్కువైనప్పుడే షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుటకు వీలు కలుగుతుంది.

చరిత్రలో మొదటి ఇద్దరు

మేము ఎన్నుకొన్న విషయం క్రొత్తదేమీ కాదు. మనుషులు కనిపించే తొలి ఫోటోగా ప్రసిద్ధి పొందిన చిత్రం సరిగా ఈ సూత్రం వల్లనే పుట్టింది. 1838లో పారిస్ నగరంలో లూయీ డాగ్యుయెర్ తన కిటికీ నుండి బులవార్ ద్యు టాంప్ల్ అను వీధిని చిత్రించాడు. అది రద్దీగల వీధి. బండ్లు, గుర్రాలు, పాదచారులు నిత్యం సాగే చోటు. కాని ఆనాటి రసాయన ఫలకానికి బొమ్మ పడుటకు కొన్ని నిమిషాలు పట్టేది. అంతసేపు ఎవరూ ఒకచోట నిలువలేదు. కనుక వీధి మొత్తం నిర్మానుష్యంగా పడింది. ఒక మూల మాత్రం ఇద్దరు మిగిలిపోయారు. బూట్లు పాలిష్ చేయించుకొంటున్న ఒక మనిషి, ఆ పని చేస్తున్న మరొక మనిషి. పనికోసం వారు నిలిచారు. నిలిచినందున చరిత్రలో మిగిలారు. వారి పేర్లు ఎవరికీ తెలియవు.

టెలిగ్రాఫుతో పేరొందిన సామ్యూల్ మోర్స్ 1839లో పారిస్‌లో ఈ చిత్రాన్ని చూచి, తన సోదరునికి వ్రాసిన లేఖలో ఒక సూక్ష్మాన్ని గుర్తించాడు. ఆ మనిషి బూట్లు, కాళ్లు స్పష్టంగా పడినవి గాని, మొండెము, తల కదలినందున పడలేదని ఆయన వ్రాశాడు. ఒకే మనిషిలో నిలిచిన భాగం ఒక తీరుగా, కదిలిన భాగం మరొక తీరుగా పడుతుందను ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము. పెద్దలు అడిగిన ప్రశ్నకు మూలం ఇందులోనే ఉన్నది.

నాడు అశక్తత వల్ల జరిగినది తరువాతి కాలంలో కొందరు కళాకారులు కోరి చేశారు. 1990ల తొలినాళ్లలో రష్యాకు చెందిన అలెక్సీ టిటారెంకో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో మెట్రో మెట్లపై ఎక్కే జనాన్ని దీర్ఘకాలం షట్టర్ తెరిచి చిత్రించాడు. జనమంతా నీడల వరదగా మారగా, మెట్ల ప్రక్క కమ్మీని పట్టుకొన్న చేతులు మాత్రం కొన్ని నిలిచి కనబడతాయి. సోవియట్ వ్యవస్థ కూలిన దినాలలో ఆ నగర ప్రజలు పడిన అవస్థను ఆ చిత్రాలు చూపగలిగినవి.

కొంచెం లెక్క

విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇది సులభంగా బోధపడుతుంది. వీధిలో సామాన్యంగా నడిచే మనిషి సెకనుకు ఇంచుమించు 1.3 మీటర్లు సాగుతాడు. షట్టర్ 1/125 సెకను మాత్రమే తెరిచి ఉంటే ఆ కాలంలో అతడు కదిలేది సుమారు 1 సెంటీమీటరు. కనుక నిలిచినట్లే పడతాడు. 1/15 సెకనులో 9 సెంటీమీటర్లు. ఊగే చేతులు, లేచే పాదాలు కొంత చెదురుతాయి. 1/2 సెకనులో 65 సెంటీమీటర్లు. మనిషి ఆకారం ఒక ప్రవాహమవుతుంది. 2 సెకనులలో 2.6 మీటర్లు, మనిషి పోయిన జాడ మాత్రం మిగులుతుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటో సెకనుకు 5 మీటర్లు పోతుంది గనుక అర సెకనులో 2.5 మీటర్ల పొడవు గీతగా మారుతుంది.

ఇది వీధిలోని లెక్క. చిత్రంపై పడే జాడ దూరాన్ని బట్టి, లెన్సును బట్టి మారుతుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫ్రేములో, 50 మిల్లీమీటర్ల లెన్సుతో, 5 మీటర్ల దూరంలో అడ్డంగా నడిచే మనిషి అర సెకనులో సుమారు 6.5 మిల్లీమీటర్ల జాడను విడుస్తాడు. అది ఫ్రేము వెడల్పులో ఆరవ వంతు కంటె కొంచెం ఎక్కువ. అదే మనిషి కెమెరావైపు నేరుగా నడచివస్తే జాడ చాల తక్కువ. కనుక జనం అడ్డంగా సాగే కోణాన్నే ఎన్నుకొనవలెను.

మా అభ్యాసంలో తేలినదేమనగా, జంట చిత్రానికి 1/4 సెకను మొదలు 1 సెకను వరకు అనువైన వేగం. అంతకు తక్కువైతే జనం కరగరు. ఎక్కువైతే జనం పూర్తిగా మాయమై వీధి శూన్యమవుతుంది. పైగా జంట కూడ ఊపిరి తీయుటలో కదులుతారు.

ఇక వెలుగు సంగతి. మంచి ఎండలో ఐ.ఎస్.ఓ. 100, ఎపర్చర్ ఎఫ్16 పెట్టినా షట్టర్ వేగం 1/125 దగ్గర ఉండవలసి వస్తుంది. అర సెకను తెరిస్తే చిత్రం తెల్లకాగితమవుతుంది. అక్కడినుండి అర సెకనుకు రావలెనంటే వెలుగును 64వ వంతుకు తగ్గించవలెను. ఇందుకై ఎన్.డి. 64 అను నల్లని ఫిల్టర్ దొరుకుతుంది. అది లెన్సుకు పెట్టిన చలువ కళ్లద్దం వంటిది. ఫిల్టర్ లేనివారికి ప్రకృతి ఇచ్చిన సదుపాయం సంధ్యవేళ. సూర్యాస్తమయమైన 15, 20 నిమిషాలకు ఆకాశంలో ఇంకా నీలం మిగిలి, దుకాణాల దీపాలు వెలిగిన సమయంలో ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్11తో అర సెకను మాకు చక్కగా సరిపోయింది. ఆ వెలుగు త్వరగా మారిపోతుంది గనుక కొన్ని నిమిషాలకొకసారి సరిచూచుకొనవలెను.

టెలిఫోను కెమెరాలు వాడే మిత్రులు నిరుత్సాహపడనక్కరలేదు. వాటిలో చాలవాటికి ఎపర్చర్ మార్చుటకు వీలులేదు గాని, ప్రో మోడ్ ఉన్నవాటిలో షట్టర్ కాలాన్ని, ఐ.ఎస్.ఓ.ను మనమే నిర్ణయించవచ్చును. చీకటి పడినాక ప్రయత్నిస్తే ఫలితం వస్తుంది.

స్థలం, నిలుపు

మేము పత్తర్‌గట్టిని ఎన్నుకొనుటకు కారణం ఉన్నది. 1908 మూసీ వరద తరువాత నగర పునర్నిర్మాణానికై 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలంలో వెలసిన రాతి కమానుల వరుస అది. మదీనా చౌరస్తా నుండి చార్‌మినార్ వైపు పోయేవారు ఆ కమానుల ప్రక్కగా సాగుతారు. కదిలే జనానికి కదలని రాయి తోడుగా ఉంటే చూచేవారి కంటికి పోలిక దొరుకుతుంది. చిత్రమంతా చెదిరితే అది కెమెరా వణికినట్లు తోస్తుంది. రాయి నిలిచి జనం చెదిరితేనే కాలం ప్రవహించినట్లు తోస్తుంది.

మొదట మేము వీధికి ఈవల కెమెరా పెట్టి, ఆవలి కమాను క్రింద మా మిత్రులిద్దరిని నిలిపి చూచాము. ఫలితం చెడింది. మధ్యలో పోయే ప్రతివారూ ఆ ఇద్దరిపై ఒక పలుచని తెర కప్పిపోయారు. నల్లని దుస్తులవారు అంతగా బాధించలేదు. తెల్లని దుస్తులు, వాహనాల దీపాలు మాత్రం ముఖాలను తుడిచివేసినవి. తరువాత కెమెరాను కమాను లోపలివైపుకు మార్చి, జంటను వీధి అంచున ఉన్న స్తంభం దగ్గర నిలిపాము. ఇప్పుడు కెమెరా, దాని ముందు జంట, వారి వెనుక జనం. దుకాణాల వెలుగు జంట ముఖాలపై పడింది. దారినపోయేవారికి మా స్టాండు అడ్డం కాలేదు.

నిలిచేవారు కొన్ని మెలకువలు పాటించవలెను. రెండు పాదాలపై సమంగా బరువు వేసి, భుజాన్ని స్తంభానికో, ఒకరికొకరికో ఆనించి, దృష్టిని ఒకే చోట నిలిపి, ఊపిరి వదలిన క్షణంలో ఆగవలెను. వెనుకటి కాలపు స్టూడియోలలో తల కదలకుండ వెనుకనుండి ఇనుప కొక్కెంతో ఆనించేవారు. అర సెకనుకు అంత శిక్ష అవసరం లేదు. తీసేవారు కూడ షట్టర్ మీటను చేతితో నొక్కక, 2 సెకనుల టైమర్ పెట్టుకొనుట మంచిది. స్టాండు లేనప్పుడు బియ్యం నింపిన చిన్న సంచిని గట్టుపై ఉంచి దానిపై కెమెరాను కూర్చోబెట్టవచ్చును. ఎంత జాగ్రత్తపడినా 20 చిత్రాలకు రెండో మూడో దక్కుతాయి. వెనుక ప్రవాహం ఎవరి ఆజ్ఞకూ లోబడదు గనుక ఓపికయే ఇందులో ప్రధానమైన పరికరం.

మేము చేసిన తప్పు

ఇంతవరకు చెప్పినది చేతి పని. ఇక మనసుకు సంబంధించినది. మొదటి వారంలోనే మేము ఒక తప్పు చేశాము. దానిని దాచుట ఉచితం కాదు. ఒక సాయంకాలం బస్సుకోసం నిలిచిన ఒక జంటను వారికి చెప్పకుండానే దూరంనుండి తీశాము. చిత్రం చాల బాగా వచ్చింది. మా సంతోషాన్ని చూచి ఆ భర్త సంగతి గ్రహించి వచ్చాడు. కోపపడలేదు. "మీ ఇంటివారిని ఎవరైనా ఇలా తీసుకొనిపోతే మీరు ఊరకుంటారా?" అని మాత్రం అడిగాడు. ఆయన ఎదుటనే దానిని చెరిపివేశాము.

ఆ రాత్రి మా బృందంలో వాదం జరిగింది. వీధి అందరిదీ, అక్కడ కనిపించినది తీయుటలో తప్పేమని కొందరన్నారు. చివరకు మాకు తోచినది ఇది. మామూలు వీధి చిత్రంలో వందమందిలో ఇద్దరు కూడ ఉంటారు. మంద వేగపు చిత్రంలో అలా కాదు. వీధిలో అందరినీ దాచి ఆ ఇద్దరినే చూపుతాము. పోయేవారి ముఖాలు ఎవరూ గుర్తించలేరు. ఆ ఇద్దరి ముఖాలు ఎవరైనా గుర్తిస్తారు. కనుక ఇతర చిత్రాలకంటె ఇక్కడ అనుమతి ఎక్కువ అవసరం.

ఈ విషయంలో లోకం ఎరిగిన ఉదాహరణ ఒకటున్నది. 1950లో పారిస్ పురపాలక భవనం ఎదుట, నడిచిపోయే జనం మధ్య ముద్దాడుకొంటున్న యువ జంటను రాబర్ట్ డువానో చిత్రించగా, అమెరికాలోని లైఫ్ పత్రిక ప్రచురించింది. ఏళ్ల తరువాత ఒక దంపతులు అది తామేనని, తమకు తెలియకుండ తీశారని న్యాయస్థానానికి వెళ్లారు. అప్పుడు డువానో అసలు సంగతి వెల్లడించాడు. చిత్రంలోనివారు నటన నేర్చుకొంటున్న ఇద్దరు యువతీయువకులు. వారిని అడిగి, వారి ఒప్పుదలతోనే తీశాడు. 1993లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. అనుమతి అడిగి తీసినందువల్ల ఆ చిత్రం అందం ఏమీ తగ్గలేదు.

మన నగర చరిత్రలోనూ ఇందుకు పాఠం ఉన్నది. ఆరవ నిజాం ఆదరణ పొందిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకై ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. చిత్రం దిగేవారి మర్యాదకు తగినట్లు తన పద్ధతిని మార్చుకొనుట ఫోటో కళలో మొదటినుండీ ఉన్న సంప్రదాయమే.

కాతిబు గారి చేయి

మూడవ వారంలో పత్తర్‌గట్టి గట్టుపై కూర్చొని అలసట తీర్చుకొంటున్న వృద్ధ దంపతులను చూచాము. ఈసారి కెమెరాను సంచిలోనే ఉంచి ముందుగా సలాము చేసి, చాచా, చాచీ అని పలుకరించి, ఇజాజత్ అడిగాము. ఆయన ఎన్నో ప్రశ్నలు వేశారు. ఎందుకు, ఎవరు చూస్తారు, ఎక్కడ పెడతారు? చాచీ ఒక్క షరతు పెట్టారు. తీసిన వాటిలో ఏది బయటికి పోవలెనో తామే చెప్పాలి; ఒక ప్రతి తమ ఇంటికి రావాలి. ఒప్పుకొన్నాము.

మాటల్లో తెలిసినదేమనగా, ఆయన ఛత్తా బజారులో చిరకాలం కాతిబుగా పనిచేశారు. పెండ్లి పత్రికలు, పుస్తకాలు, గోడ ప్రకటనలు ఎన్నో వ్రాశారు. 1990లలో కంప్యూటరు అక్షరాలు వచ్చి కలం పని తగ్గిపోయింది. ఇట్టి కాతిబుల చేతివ్రాతతోనే ఒకప్పుడు ఉర్దూ పత్రికలు, కళాశాల సంచికల ఉర్దూ భాగాలు అచ్చయ్యేవన్న సంగతి నేటి విద్యార్థులలో చాలమందికి తెలియదు. వయసు వల్ల ఇప్పుడు ఆయన కుడిచేయి వణుకుతున్నది.

22 చిత్రాలు తీశాము. ముఖాలు, చాచీ చేతులు, స్తంభం అన్నీ స్పష్టంగా వచ్చినవి. కుడిచేయి మాత్రం ప్రతి చిత్రంలోనూ చెదిరింది. మేము తటపటాయించి, చేతిని షేర్వాణీ జేబులో ఉంచుకొనవలసినదిగా కోరాము. ఆయన అలాగే చేశారు. ఆ చిత్రం ఏ లోపమూ లేకుండ వచ్చింది. మాకు అదే నచ్చింది.

తెరపై అన్నిటినీ చూపగా చాచీ చాలసేపు చూచి, చేయి చెదిరిన ఒక చిత్రంపై వేలుంచారు. జేబులో చేయి ఉన్న చిత్రం ఎందుకు వద్దని అడిగాము. ఆమె ఉర్దూలో చెప్పిన మాటల భావం ఇది: "నలభై ఏళ్లు ఈ చేయి కదలకుండ నిలిచి మా పిల్లలను పెంచింది బేటా. ఇప్పుడు కదులుతుంటే దాచుకొనేదెందుకు?" ఆయన ఏమీ అనలేదు. చేతిని జేబులోనుండి తీశారు.

సమాధానం

పెద్దలు అడిగిన ప్రశ్నకు మా సమాధానం ఇదే. 1/500 సెకను వేగంతో తీసి ఉంటే ఆ చేయి రాయివలె నిశ్చలంగా పడేది. చూచినవారెవరూ లోపమెంచేవారు కారు. కాని అది ఆ చేతిని గురించి నిజం చెప్పేది కాదు. మంద షట్టర్ తన ఎదుట కదిలినదానిని కదిలినట్లే వ్రాసింది. వీధి కదలికను అందమని మెచ్చుకొని, చేతి కదలికను లోపమనుట న్యాయం కాదని మేము భావిస్తున్నాము. అయితే ఇది మా ప్రతిభ కాదు. మేము జేబులో దాచించిన దానిని బయట పెట్టినది చాచీ. అడిగి తీసినందువల్లనే, ఎన్నుకొనే హక్కు వారికి ఇచ్చినందువల్లనే మాకు ఆ చిత్రం దక్కింది. కెమెరా దూరంగా పెట్టి దొంగచాటుగా తీసినవారికి ముఖాలు దొరకవచ్చును. ఈ మాట దొరకదు.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. షట్టర్ వేగాన్ని తగ్గించుటకు ముందు మన తొందరను తగ్గించుకొందము. మొదట సలాము, పిదప ఇజాజత్, ఆ తరువాతనే స్టాండు.

కమిటీ వారికి రెండు విన్నపాలు. గట్టి స్టాండు ఒకటి, ఎన్.డి. ఫిల్టర్లు రెండు మా బృందానికి ఇప్పించగోరుతున్నాము. అంతకంటె ముఖ్యంగా, చిత్రంలో గుర్తింపదగిన మనుషుల అనుమతి లేనిదే ఏ ఫోటోనూ ప్రదర్శనలో గాని సంచికలో గాని ఉంచరాదను నియమాన్ని మా పుస్తకంలో వ్రాసుకొన్నాము. దానిని కళాశాల నియమంగా స్వీకరింపవలసినదిగా ప్రార్థిస్తున్నాము.

ఈ సంగతులు వ్రాయుటకు కూడ ఆ దంపతుల అనుమతి తీసుకొన్నాము. వారి కోరికపై పేర్లు వ్రాయలేదు. వాగ్దానం చేసిన ప్రతిని చట్రం కట్టించి వారి ఇంటికి చేర్చినాము. చాచా దానిని గోడకు తగిలించుటకు స్వయంగా లేచారు. మేకు పట్టుకొన్న చేయి వణికింది. చాచీ వచ్చి మేకు పట్టుకొన్నారు.